రాసినంత మేరకే

మా తమ్ముడి ఎడమకన్ను బుధవారం ఉదయం ఏడున్నరకు పోయింది. చేపల మార్కెట్టులో వేలం అప్పుడే ముగిసింది. నేను కాటా దగ్గర నిలబడి పెట్టెలు తూయిస్తున్నాను. ముఠా మేస్త్రి, అంటే సరుకు దించే కూలీలందరికీ పెద్ద, మా కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. తమ్ముడు వాణ్ణి చూసి ఏదో అన్నాడు. మేస్త్రి చేతిలో కొక్కెం ఉంది. ఐసు నింపిన పెట్టెలను లాగడానికి కూలీలందరూ నడుముకు తగిలించుకునే కొక్కెమే అది. పిడికిట్లో పట్టే కర్రపిడి, దానికి జానెడు ఇనుపముల్లు, కొస వంచి ఉంటుంది. ఆ ముల్లు కిందినుంచి పైకి లేచింది. దవడ దగ్గర దిగి, బుగ్గ చీల్చుకుంటూ పోయి, కంటిగుంతలో ఆగింది.

తమ్ముడు అరవలేదు. మోకాళ్ళ మీద కూలబడి, ఒక చేత్తో ముఖం పట్టుకుని, రెండో చేత్తో నేలంతా తడుముకున్నాడు. పడిపోయిన వస్తువును వెతుక్కుంటున్నట్టు. పక్కనే పగలగొట్టిన ఐసు కుప్ప ఉంది. నెత్తురు దాని మీద పడి గులాబీరంగులోకి తిరిగింది. మా మార్కెట్టులో ఐసు ఆ రంగులో ఉండడం రోజూ చూసేదే కాబట్టి, దూరంగా ఉన్నవాళ్ళు కాసేపు తలెత్తి చూడలేదు కూడా. నేను వాడి కంటిమీద నా అరచెయ్యి అదిమిపట్టి ఆసుపత్రి దాకా తియ్యకుండా తీసుకెళ్ళాను. నా చెయ్యి తీశాక డాక్టరు చూసి, ఇక చెయ్యగలిగింది కుట్లు వెయ్యడమేనన్నాడు.

వాడికీ నాకూ పదహారేళ్ళ తేడా. నాన్న పోయేటప్పటికి వాడికి నాలుగేళ్ళు. అన్నం కలిపి పెట్టింది నేను, చెప్పులు తొడిగింది నేను, కొట్టులో కూర్చోబెట్టింది నేను. ఇప్పటికీ మా మేడమీది గదిలోనే ఉంటాడు. వాడి కన్ను పోతే నాది పోయినట్టేనని ఊరికే అనడం లేదు.

నా గురించి కూడా చెప్పాలి. ఏ పని చేసినా ఏం పోతుంది, ఏం వస్తుంది అని ముందు చూసుకునే మనిషిని. ప్రార్థన మందిరానికి వెళ్ళడంలోనూ అంతే. ఆదివారం, శుక్రవారం తప్పను. సంఘపెద్దల్లో ఒకణ్ణి, ముందు వరుసలో నా కుర్చీ నాకుంది. దేవుడు అడిగినవన్నీ చేశానని నా నమ్మకం. నేను అడిగినవాటిలో ఆయన సగం చేశాడు. సగం మాట నిలబెట్టుకునేవాడు మా మార్కెట్టులో పెద్దమనిషి కిందే లెక్క. అందుచేత ఆయనతో నాకు పేచీ ఏమీ ఉండేది కాదు.

పోలీసులకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని మా ఆవిడ అడిగితే, స్టేషను చుట్టూ తిరిగే ఓపిక లేదన్నాను. అది ముప్పావువంతు నిజం. మిగతా పావువంతు సంగతి తరవాత చెబుతాను. మేస్త్రి ఆ రోజునుంచి కనిపించలేదు. ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. ముఠా ఇక్కడుంది, తల్లి ఇక్కడుంది. వచ్చినరోజు నా చేతికి దొరుకుతాడు. అంతవరకూ నోరు మూసుకుని ఉండడమే తెలివైన పని.

రెండు రోజులకు శుక్రవారం వచ్చింది.

మా మందిరంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఆ రోజు ఎవరి మనవి వాళ్ళు చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా, రేకుడబ్బాలో వేస్తారు. చివర్లో డబ్బా తిప్పుతారు. ఎవరి చేతికి ఏ చీటీ వస్తే, వచ్చే శుక్రవారం దాకా రోజూ పొద్దున మోకరించి, ఆ మనవిని పైకి వినబడేట్టు దేవుడికి చెప్పాలి. రాసిన మాటలు రాసినట్టే చెప్పాలి. మాట కలపకూడదు, మాట తీయకూడదు. ఈ కట్టుబాటు మొదట్లో లేదు. ఒకసారి ఎవరో అత్తగారు మోకాళ్ళ నొప్పి తగ్గాలని రాస్తే, ఆ చీటీ కోడలికే వచ్చింది. ఆవిడ వారమంతా మోకాళ్ళ నొప్పితో పాటు అత్తగారి నాలుక వాడి కూడా తగ్గాలని కలిపి ప్రార్థన చేసింది. అది బయటపడి గొడవైంది. అప్పుడు అయ్యగారు ఈ కట్టుబాటు పెట్టారు. పాస్టరుగారిని మేం అయ్యగారనే అంటాం. మన కోరికను ఇంకొకరి నోట్లో పెట్టకూడదు అన్నారాయన. సంఘపెద్దల సమావేశంలో నేను ఇంకో మాట కూడా చేర్పించాను. వచ్చిన చీటీని మార్చుకోకూడదు. చేతిలోకి తీసుకున్న సరుకు వెనక్కిస్తే ఇక వ్యాపారం ఏముంటుంది?

ఆ శుక్రవారం నేను రాసింది ఎప్పుడూ రాసేదే. ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం. మేస్త్రి సంగతి రాయలేదు. అది నా పని, దేవుణ్ణి అందులోకి లాగడమెందుకు అనుకున్నాను.

ఇంటికొచ్చి నాకు వచ్చిన చీటీ విప్పాను. అక్షరాలు మా ఆవిడవి. రాయడం రాని ముగ్గురు ఆడవాళ్ళకు చీటీలు రాసిపెట్టేది మా ఆవిడే. మడతలో ఎండిన చేపపొలుసు ఒకటి అంటుకుని ఉంది. ఆ ముగ్గురిలో చేపలతో పనున్నది ఒక్కతే, పొలుసుల పెద్దమ్మ. ముప్పై ఏళ్ళుగా మార్కెట్టు చివర పీట వేసుకుని, కొన్నవాళ్ళ చేపలకు పొలుసు తీసి, కడిగి ఇస్తుంది. మేస్త్రికి తల్లి.

చీటీలో ఒక్క వాక్యమే ఉంది. "నా కొడుకు ప్రాణంతో ఇంటికి రావాలి."

మా ఆవిడ నా ముఖం చూసి విషయం గ్రహించింది.

"ఇది మార్చుకోవడానికి లేదా?" అన్నాను.

"లేదుగా. ఆ కట్టుబాటు మీరు పెట్టించిందే."

"నీకు తెలుసు కదే ఇది ఎవరిదో."

"నాకేం తెలియదు. నేను రాసేదాన్ని మాత్రమే. పొద్దున్నే లేపుతాను, పడుకోండి."

పొద్దున మోకరించాను. చీటీ ముందు పరుచుకున్నాను. వంటింట్లో మా ఆవిడ స్టవ్వు కట్టేసింది, నేను చెబుతున్నానో లేదో వినడానికి. ఆవిడ వింటోందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకు తెలుసు. చివరికి గొంతు సవరించుకుని చెప్పాను. నా కొడుకు ప్రాణంతో ఇంటికి రావాలి. నాకు కొడుకులు లేరు. ఉన్నది ఒక కూతురు, పెళ్ళై వేరే ఊళ్ళో ఉంది. నా తమ్ముడి కన్ను పీకినవాణ్ణి నా కొడుకని పిలిచి, వాడు బతకాలని అడిగాను. లేచి ముఖం కడుక్కుని ఆసుపత్రికి వెళ్ళాను.

అక్కడ తమ్ముడు కట్టు కింద నుంచి ఒంటికన్నుతో చూస్తూ ఒకటే మాట అన్నాడు. వాడి ప్రాణం కావాలి.

ఆదివారం అడిగాడు, సోమవారం అడిగాడు. నా పరిస్థితి చూడండి. పొద్దున ఒకచోట ప్రాణం ఇవ్వమని అడుగుతున్నాను, పదింటికి ఇంకోచోట ప్రాణం తీస్తానని మాటిస్తున్నాను. ఇలాంటి ఇరుకులోంచి బయటపడడమే నా వృత్తి. సోమవారం మధ్యాహ్నం కొట్టులో కూర్చుని ఆ చీటీని మళ్ళీ తీసి, ఒప్పంద పత్రం చదివినట్టు చదివాను. అప్పుడు దొరికింది దారి. ప్రాణంతో అని రాసింది. చేతులతో అని రాయలేదు. మాట కలపకూడదని కట్టుబాటు. కాబట్టి చేతుల్ని నేను కలపకూడదు. ఆమె అడిగినంత మేరకు దేవుడు ఇస్తాడు, మిగిలింది నాది. వాణ్ణి రెండు చేతులూ విరగ్గొట్టి, ప్రాణంతో ఇంటికి పంపిస్తే, ఎవరికీ అన్యాయం చేసినట్టు కాదు.

ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది కాని, ఆ రోజు గొప్ప ఊరటగా అనిపించింది. తేలిక మనసుతో వెళ్ళి తమ్ముడితో బేరం పెట్టాను.

"రెండు చేతులు," అన్నాను.

"ప్రాణం."

"చేతులు లేని మేస్త్రి మేస్త్రి కాదురా. వాడి కూలీలే వాడికి అన్నం తినిపించాలి. రోజూ చూసుకోవచ్చు నువ్వు. చస్తే ఒక్కరోజే చూస్తావు."

వాడు కట్టు కిందినుంచి చీము కారుతుంటే తుడుచుకుని, సరే అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే అనుమానించాల్సింది. బేరంలో ఎదుటివాడు ఠక్కున దిగితే సరుకులో లోపముందని నాకు తెలుసు. ఆ రోజు చూసుకోలేదు.

మంగళవారం పొద్దున మార్కెట్టు చివరికి వెళ్ళాను. పొలుసుల పెద్దమ్మ దగ్గర మేస్త్రి జాడ ఏమైనా తెలుస్తుందేమోనని. ఆమె పీట మీద వంగి కూర్చుని, పెద్ద చేప తోకను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, పొలుసు లాగుతోంది. పొలుసులు ఎగిరి ముంజేతులకు, జుట్టుకు అంటుకుని ఉన్నాయి. నన్ను చూసి తల దించుకుంది. తమ్ముడెలా ఉన్నాడని అడిగింది. అలాగే ఉన్నాడన్నాను. నా కొడుకు చేసింది తప్పు నాయనా, దానికి నా దగ్గర మాట లేదు, అంది. చేప తిప్పి రెండోవైపు మొదలుపెట్టింది. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టు అంది.

"ఈ వారం నా చీటీ ఎవరికి పోయిందో గాని, రోజూ మోకరించాలి కదా పాపం. చెప్పుకోవాలంటే నాకు బోలెడుంది. మోకాళ్ళు నొప్పెడతాయని ఒక్క ముక్కే రాయించాను."

నేను వచ్చినదారినే వెనక్కి వచ్చాను. కొట్టులో మంచినీళ్ళు తాగాను. రెండు గ్లాసులు తాగాను. ఆమె తక్కువ అడిగింది ఎందుకంటే నా మోకాళ్ళు నొప్పెడతాయని. ఆమె మిగిల్చిన చోటులో నేను సుత్తి పెట్టాను. ఇది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి కూడా మానలేదు. మొదలుపెట్టిన బేరం మధ్యలో వదిలితే మనుషులు ఇంకెప్పుడూ లెక్కచెయ్యరని నా భయం.

గురువారం మేస్త్రి పనిలోకి వచ్చాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మార్కెట్టు ఖాళీ అవుతుంది. గొట్టాలతో నేల కడుగుతారు. కూలీలు గేటు పక్క షెడ్డులో తిండికి కూర్చుంటారు. మేస్త్రి ఎప్పుడూ ముందు ఐసుగదికి వెళ్ళి, మర్నాటికి ఎన్ని దిమ్మలున్నాయో చూసుకుని, తరవాత తింటాడు. ఎనిమిది రోజులు దాక్కుని వచ్చినవాడు కూడా ఆ అలవాటు మానలేదు. కాటా మనిషినీ ఐసు మనిషినీ వెంటపెట్టుకుని నేను ముందే లోపల ఉన్నాను. ఇద్దరూ మా కొట్టు మనుషులే, నమ్మకస్తులు.

వాడు లోపలికి అడుగుపెట్టగానే వల విసిరాం. పెద్దచేపను పడవలోకి లాగే మందపు వల. వాడు అందులోనే తిరగబడ్డాడు. తలతో పొడిస్తే ఐసు మనిషి ముందుపళ్ళు రెండు ఊడి నేలమీద టకటకలాడాయి. కాటా మనిషి వాడి కడుపులో తన్నాడు. ఇంకోసారి తన్నాడు. ముగ్గురం మీదపడి వాణ్ణి ఐసుదిమ్మ మీదికి బోర్లా వంచాం. వాడు వలలోంచి నా మణికట్టు కొరికాడు, ఎముక తగిలేదాకా. కుడిచెయ్యి వలకన్నులోంచి బయటికి లాగాం. నేను దాన్ని ఐసుమీద పరిచి మోకాలితో అదిమాను. ఐసు కొట్టే సుత్తి నా చేతిలో ఉంది. ఒక్క దెబ్బ వేశాను. రెండు వేళ్ళు విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది, ఐసు విరిగిన చప్పుడు కంటే చిన్నగా. వాడు తల్లిని పిలవలేదు, దేవుణ్ణి పిలవలేదు. నన్ను బూతులు తిట్టాడు.

సుత్తి రెండోసారి ఎత్తాను. అప్పుడు వెనక తలుపు తెరుచుకుని తమ్ముడు వచ్చాడు.

ఆసుపత్రి బట్టల్లోనే ఉన్నాడు, మేస్త్రి వచ్చిన కబురు వాడికీ అందినట్టుంది. ముఖానికి సగం కట్టు. చేతిలో ఐసు పొడిచే గునపం, పొడవు మనిషి ఛాతీ దాకా ఉంటుంది. నన్ను పక్కకు జరగమన్నాడు. చేతులే అనుకున్నాం కదరా అన్నాను. నువ్వనుకున్నావు, అన్నాడు. గునపం తలకు మించి ఎత్తాడు. కింద మేస్త్రి మెడ ఐసు మీద ఉంది.

నేను చెప్పేది నమ్మండి, ఆ క్షణంలో నాలో మంచితనం ఏదీ పొంగలేదు. మొదట తట్టింది నా ఒప్పందమే. వీడు చస్తే ఆరు రోజులు నేను చెప్పింది అబద్ధమైపోతుంది. ఆ వెంటనే పెద్దమ్మ ముంజేతులు కళ్ళముందు మెదిలాయి, పొలుసులతో సహా. ఆలోచన అక్కడే ఆగింది. నేను మేస్త్రి మీద పడ్డాను. వలతో సహా వాణ్ణి కావలించుకుని పడుకున్నాను.

ఒంటికన్నుతో కొలత తప్పింది, లేకపోతే నా తల పగిలేది. గునపం నా ఎడమభుజం మీద పడి, కాలరెముక విరుచుకుని లోపలికి దిగింది. కళ్ళముందు తెల్లబారింది. కింద మేస్త్రికి నేను కాపాడుతున్నానని తెలియదు. తొక్కిచంపడానికి మీద పడ్డాననుకున్నాడు. ఎడమచేత్తో నడుమునుంచి కొక్కెం లాగి, వలకన్నులోంచి నా తొడలో దించి మెలిపెట్టాడు. పైనుంచి తమ్ముడు జరుగు, జరుగు అంటూ తంతున్నాడు. కిందినుంచి కొక్కెం తిరుగుతోంది. ఇద్దరి మధ్య, ఐసు మీద, నా నెత్తురులో నేను జారుతున్నాను.

నోట్లోంచి ఆ వాక్యమే వచ్చింది. ఆరు రోజుల అలవాటు. నా కొడుకు ప్రాణంతో ఇంటికి రావాలి. కాని అక్కడ ఆగలేదు. ప్రభువా, చేతులతో రావాలి, కాళ్ళతో రావాలి, వీడూ రావాలి, వాడూ రావాలి, ఇద్దరూ నా పిల్లలే, నేను చేసింది నా మీద ఉంచు, వాళ్ళ మీద పెట్టకు. కట్టుబాటు గుర్తులేదు. ఏం కలుపుతున్నానో తెలియదు. ఇంతకాలం నేను దేవుడి ఎదురుగా కూర్చుని మాట్లాడాను. ఆ రోజు ఆయన కాళ్ళకింద పడి మాట్లాడాను.

తొడలో కొక్కెం ఆగింది. చెవి పక్కనుంచి మేస్త్రి గొంతు వినిపించింది, ఊపిరి అందక, చిన్నగా.

"అది మా అమ్మ మాట. రోజూ అదే గొణుగుతుంది. నీ నోట్లోకెలా వచ్చింది?"

జవాబు చెప్పే లోపల ముందుతలుపు విరిగింది. కూలీలు లోపలికి వచ్చారు. ఇరవైమంది దాకా ఉంటారు, అందరి చేతుల్లోనూ కొక్కేలు. మా మనుషులిద్దరూ గోడకు అంటుకుపోయి చేతులెత్తేశారు. ఐసు మనిషి మూతినుంచి నెత్తురు కారుతుంటే మింగుతున్నాడు. తమ్ముడు గునపం అడ్డంగా పట్టుకుని మూలకు వెళ్ళాడు. వాడికి ఎడమవైపు కనపడదు, అటునుంచే ముగ్గురు వస్తున్నారు. కొక్కెం ఒకటి వాడి చొక్కాలో తగులుకుని చీల్చింది, వీపు మీద ఎర్రటి గీత లేచింది.

అప్పుడు ఆ పావువంతు చెప్పాను.

ఆ బుధవారం వేలం అవుతుండగా, ముఠాలో ముసలి కూలీ ఒకాయన చేతిలోంచి పెట్టె జారి మా కొట్టు ముందు పగిలింది. అందరూ ఆయన్ని తాత అంటారు. తమ్ముడు ఆయన్ని రొమ్ము మీద తన్నాడు. ముసలాయన కాలవలో వెల్లకిలా పడ్డాడు. లేవబోతే మళ్ళీ తన్నాడు. నోటినుంచి నెత్తురు వచ్చింది. కూలీలు మేస్త్రికి చెప్పారు, మేస్త్రి మా కొట్టు ముందుకు వచ్చాడు. తాతకు క్షమాపణ చెప్పమని తమ్ముణ్ణి అడిగాడు. తమ్ముడన్న ఆ ఏదో మాట ఏమిటంటే, వాడికే కాదు నీకూ కావాలా అని. ఇదంతా నేను చూశాను. చూడనట్టు కాటాముల్లు వైపు తిరిగాను. పోలీసులకు చెప్పనిది అందుకే. ఇంట్లో చెప్పలేదు, అయ్యగారికి చెప్పలేదు, రోజూ మోకరించినా దేవుడికీ చెప్పలేదు. ఆయనకు తెలియనట్టు.

కూలీలందరి ముందు ఇది పైకి చెప్పాను. వీణ్ణి పెంచింది నేను, మనిషిని తన్నొచ్చని వీడు నేర్చుకుంది నా కొట్టులో, ఆపాల్సినవాణ్ణి ఆపలేదు, కొడితే నన్ను కొట్టండి అన్నాను. లేవడం చేతకాక ఆ తడినేల మీద పాకుతూ వెళ్ళి, ఆ గుంపులో ఉన్న తాత కాళ్ళు పట్టుకున్నాను. ముసలాయన పాదాలు రోజంతా ఐసునీళ్ళలో నాని తెల్లగా పగిలి ఉన్నాయి. అన్నేళ్ళు నా సరుకు మోసినా నేను వాటిని ఎప్పుడూ చూడలేదు.

ఆయన వంగి నా వంక చూశాడు. "తన్నింది నువ్వు కాదుగా," అన్నాడు. తమ్ముడి వైపు తలెత్తాడు. తమ్ముడు గునపం దించలేదు. ముసలాయన దగ్గాడు. ఇంకా రొమ్ములో నొప్పి ఉన్నట్టుంది.

"కన్ను పోయిందిగా. ఇంకేం తీస్తార్రా వాడి దగ్గర? తప్పుకోండి, బయటికి పోనివ్వండి."

తప్పుకున్నారు. ఇష్టంతో కాదు. తమ్ముడు గోడను రాసుకుంటూ వెళ్తుంటే ఒక్కొక్కడూ కాలి ముందు ఉమ్మేశాడు. వాడు నా పక్కనుంచే వెళ్ళాడు, ఆగలేదు.

పొలుసుల పెద్దమ్మ చేతిలో కత్తితోనే పరుగెత్తుకొచ్చింది. ముందు కొడుకు ముఖం తడిమింది, తరవాత చెంప మీద ఒక్కటిచ్చింది, తరవాత విరిగిన వేళ్ళు చూసింది. ఎవరు చేశారని అడిగింది. అందరూ నా వైపు చూశారు.

"నేనే పెద్దమ్మా. నీ చీటీ నాకే వచ్చింది."

ఆమె కత్తి పట్టుకుని నా మీదికి వంగింది. పొడిచినా అడ్డుపడేవాడు ఆ గదిలో లేడు. నా తొడనుంచి కారుతున్న నెత్తురును చూసింది, భుజంలోంచి పొడుచుకొచ్చిన ఎముకను చూసింది. తన నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, పళ్ళతో చింపి, తొడకు బిగించి ముడేసింది. కళ్ళు తిరిగేంత బిగించింది.

"అయితే నువ్వు సరిగ్గా చదవలేదు," అంది.

కొడుకును మంచి చెయ్యి పట్టుకుని లేపింది. ఇంటికి పద అంది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

నెల గడిచింది. మేస్త్రి వేళ్ళు రెండూ వంకరగానే అతుక్కున్నాయట. కొక్కెం ఎడమచేత్తో పట్టడం నేర్చుకుంటున్నాడు. మార్కెట్టులో ఎదురుపడితే నేను ఆగుతాను, వాడు ఆగడు. తాతకు ఆసుపత్రిలో చూపించాను. డాక్టరు పక్కటెముక ఒకటి చిట్లిందన్నాడు. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. ఈ మాట ఆ రోజే, మేస్త్రి అడిగినప్పుడు చెప్పి ఉంటే పిల్లాడి కన్ను దక్కేదేమో కదా అని. దక్కేదేమో. మందిరంలో ఇదంతా లేచి నిలబడి చెప్పాను. సంఘపెద్దరికం వదిలేశాను. వెనక వరుసలో కూర్చుంటున్నాను. అక్కడినుంచి అయ్యగారి మాట సరిగ్గా వినపడదు, ఫ్యాను చప్పుడు.

తమ్ముడు ఇంటికి వచ్చాడు గాని నాతో మాట్లాడడు. వచ్చినరోజు మాత్రం మెట్లమీద నిలబడి ఒకమాటన్నాడు.

"నువ్వు వాడి మీద పడుకున్నావన్నా. నా మీద కాదు."

నీ కోసమే పడుకున్నాను, నిన్ను హంతకుణ్ణి చెయ్యకుండా, అని చెప్పొచ్చు. అది కూడా నిజమే. కాని బేరగాడి నిజంలా అనిపించి చెప్పలేదు.

మేడమీదికి పదిహేడు మెట్లు. కాలు ఇంకా వంగదు. కర్ర ఆనించుకుని, గోడ పట్టుకుని ఎక్కుతాను. రోజూ కొట్టుకు వెళ్ళేముందు ఎక్కుతున్నాను. తలుపు గడియ వేసే ఉంటుంది. మోకరించడం చేతకాదు కాబట్టి గడపముందు కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. మొదటిరోజు చాలా అడిగాను దేవుణ్ణి. వాడి మనసు మారాలి, వాడు తాత దగ్గరికి వెళ్ళాలి, నన్ను క్షమించాలి. రెండోరోజుకు అందులో సగం నా సౌకర్యం కోసమేనని తోచి మానేశాను. ఇప్పుడు వాడి పేరు చెప్పి ఊరుకుంటున్నాను. ప్రభువుకు వాడు తెలుసు. నాకంటే బాగా తెలుసు.

మా ఆవిడ కింద టీ చల్లారిపోతోందని పిలిచి పిలిచి మానేసింది.

ఈ రోజు లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. చెక్కకు అవతల వాడి ఊపిరి వినిపించింది. కొక్కెం పోటుకు ముక్కు కూడా ఒకపక్క దెబ్బతింది, అందుకని ఈల వేసినట్టుంటుంది.

"ఎంతసేపు కూర్చుంటావు?" అన్నాడు.

"తెలియదురా," అన్నాను.